‘తెలియదు’ అన్నవారు ఎటు పోయారు?

మన పత్రికాభాషలో నాకు చిరకాలంగా కొరుకుడుపడని మాట ఒకటుంది: ‘ప్రజాభిప్రాయ సేకరణ’. ఒక దేశపు ఓటర్లందరూ ఒకనాడు బారులు తీరి, ఉన్నచోటనే ఉందామా, విడిపోయి వేరే దేశమవుదామా అన్నది తేల్చుకునే ఓటింగుకు ఇదే పేరు. ఏదో ఒక సంస్థ వెయ్యిమందిని ఫోనులోనో జాలంలోనో పలకరించి తయారుచేసిన పట్టికకూ ఒక్కోసారి ఇదే పేరు. మొదటిదానితో సరిహద్దులు మారతాయి. రెండోదానితో మర్నాటి పత్రికలో శీర్షిక మారుతుంది. ఇంత దూరాన ఉన్న రెండింటిని ఒకే మాటతో నెట్టుకొస్తున్నామంటే, ఆ తేడా మనకు పెద్దగా పట్టలేదనే అనుకోవాలి. ఈ టపా వరకు మొదటిదాన్ని ‘జనవాక్యం’ అనీ, రెండోదాన్ని ‘సర్వే’ అనీ అంటాను. అంతకన్న మంచి మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను. సర్వే అనగానే గొలుసులూ, హద్దురాళ్ళూ గుర్తుకొచ్చే పెద్దలు మన్నించాలి.

ఇప్పుడు నా అభియోగం. స్వాతంత్ర్యం కోసం జరిగే జనవాక్యానికి ముందు వచ్చే సర్వేలలో, పతాకశీర్షికకు ఎక్కే అంకె తరచుగా ఆ సర్వేలో దొరికిన అంకె కాదు. దొరికినదాంట్లోంచి ‘తెలియదు’, ‘ఇంకా తేల్చుకోలేదు’ అన్నవారిని ఏరి పారేసి, మిగిలినవారిని నూరుమందిగా దిద్ది చూపే అంకె. ఇది గణితరీత్యా తప్పేమీ కాదని వాదించేవారున్నారు. వారి వాదనకు తర్వాత వస్తాను. ముందుగా, అసలు సర్వేలంటేనే పెదవి విరిచే మిత్రులతో రెండు మాటలు.

“నలభై లక్షలమంది మనసులో మాట వెయ్యిమందిని అడిగితే తెలిసిపోతుందా?” అని వారు అడుగుతారు. తెలుస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి మన అమ్మలు గిన్నెడు అన్నమూ పిసికి చూడరు, ఒక్క మెతుకు పట్టి చూస్తారు. అయితే మెతుకు న్యాయంలో మనం సాధారణంగా మరిచిపోయే షరతు ఒకటుంది. గిన్నె అంతటా సెగ సమంగా తగలాలి, మెతుకును ఎంచుకునేది వండేవారై ఉండాలి. జాలంలో జరిగే సర్వేలలో చాలావరకు మెతుకే గరిటె పట్టుకుని పైకి వస్తుంది. ముందుగా పేరు నమోదు చేసుకున్న ఔత్సాహికుల బృందం నుంచి నమూనా తీస్తారు. వయసు, స్త్రీపురుష భేదం, ప్రాంతం, గత ఎన్నికలలో వేసిన ఓటు, వీటన్నిటినీ బట్టి తూకాలు సరిచేస్తారు. సరిచేయడంలో నిజమైన నేర్పు ఉంది, నేనేమీ కాదనను. కానీ ‘తేల్చుకోలేకపోతున్నాను’ అనే స్వభావమున్న మనిషి, రాజకీయాల గురించి ఎవరితోనూ మాట్లాడని మనిషి, ఆ బృందంలో తన పేరు తానే ఎందుకు నమోదు చేసుకుంటాడు? అంటే శీర్షికకు ముందు ఏరివేయబడేవారు నమూనాలోకే కొంచెం తక్కువగా వచ్చి ఉండవచ్చు. వారిని రెండుసార్లు తీసేస్తున్నామన్నమాట.

ఇక స్కాట్లండు. 2014 సెప్టెంబరు 18న అక్కడ జనవాక్యం. ప్రశ్న ఒక్కటే: స్కాట్లండు స్వతంత్ర దేశం కావాలా? అవును, కాదు. ఆగస్టు మొదట్లో యూగవ్ సంస్థ సర్వేలో ‘కాదు’ వైపు 61, ‘అవును’ వైపు 39. ఆగస్టు నడిమికి 57, 43. సెప్టెంబరు మొదటి రోజుల్లో 53, 47. ఆ వారాంతాన, సండే టైమ్స్ పత్రిక కోసం 1,084 మందిని అడిగి చేసిన సర్వేలో ‘అవును’ 51, ‘కాదు’ 49. ఆ ప్రచారంలో యూగవ్ అంకెల్లో స్వాతంత్ర్యపక్షం ముందుకు రావడం అదే మొదటిసారి.

ఆ రెండు పాయింట్లకు జరిగిన హడావుడి చూడండి. ఆదివారం ఉదయమే ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ టీవీలో, స్కాట్లండుకు మరిన్ని అధికారాలిచ్చే ప్రణాళిక కొద్దిరోజుల్లో వస్తుందన్నాడు. సోమవారం పౌండు విలువ పడిపోయింది. అదే రోజు మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ఆ అధికారాలకు కాలక్రమం ప్రకటించాడు. బుధవారం పార్లమెంటులో ప్రధానికి ప్రశ్నలు వేసే సమయాన్ని కామెరాన్, మిలిబాండ్ ఇద్దరూ వదులుకుని, క్లెగ్‌తో పాటు స్కాట్లండుకు పరుగెత్తారు. 16వ తేదీన ముగ్గురి సంతకాలతో డెయిలీ రికార్డ్ పత్రిక మొదటి పుట నిండా ఒక ప్రతిజ్ఞ అచ్చయింది. మూడు వందల యేళ్ళ నాటి రాజ్యాంగబంధాన్ని ఎలా సవరించాలో పదిరోజుల్లో, పత్రికల మొదటి పుటల మీద తేలిపోయింది. ఫలితం వచ్చాక ఆ మాట నిలబెట్టుకోవడానికి స్మిత్ కమిషన్ వేశారు, 2016లో స్కాట్లండు చట్టం చేశారు. ఆ చట్టం మంచిచెడ్డలు నాకిక్కడ అప్రస్తుతం. అంత పెద్ద పని ఎంత చిన్న ఆధారం మీద మొదలయిందో చూడమంటున్నాను.

ఆధారం ఏమిటి? సర్వేలో నిజంగా వచ్చిన అంకెలు ‘అవును’ 47, ‘కాదు’ 45. మిగిలిన ఏడెనిమిది మంది అటూ ఇటూ చెప్పనివారు. వారిని తీసేస్తే 51, 49 అయింది. వెయ్యిమంది నమూనాకు, నమూనా ఎంత నిక్కచ్చిగా తీసినా, ఒక్కో పక్షం అంకెలో అటు మూడు, ఇటు మూడు శాతం తేడా ఉండవచ్చునని ప్రతి పాఠ్యపుస్తకమూ చెబుతుంది. రెండు పక్షాల మధ్య ఎడానికైతే ఆ తప్పుపాలు దాదాపు రెట్టింపు. అంటే ఆ సర్వే చెప్పిందల్లా ‘పోటీ దగ్గర పడింది’ అని మాత్రమే. అదే వారాంతంలో, స్వాతంత్ర్యపక్షం వారే ప్యానెల్‌బేస్ చేత చేయించుకున్న సర్వేలో ‘కాదు’ 52, ‘అవును’ 48 ఉంది. దాని గురించి మీలో ఎంతమంది విన్నారు?

యూగవ్‌కు అన్యాయం చేయకూడదు. ఒకే సంస్థ, ఒకే పద్ధతితో, నాలుగుసార్లు వరుసగా కొలిచి చూపిన కదలిక నిజమైనదే. 22 పాయింట్ల ఎడం నెలరోజుల్లో కరిగిపోవడం వార్తే. ఎవరైనా ఆ సర్వేలోంచి తీసుకోవలసినది ఆ కదలికనే. పత్రికలు తీసుకున్నది మాత్రం 50 గీతకు ఎవరు ఏ పక్కన ఉన్నారన్నది. ప్రచారం పొడవునా కొన్ని సంస్థలు ‘అవును’ను నిలకడగా ఎక్కువ చూపుతూ, కొన్ని నిలకడగా తక్కువ చూపుతూ వచ్చాయి. మొన్న ఒక సంస్థ చూపిన అంకెను నేడు మరో సంస్థ చూపిన అంకె పక్కన పెట్టి ‘ప్రభంజనం’ అని రాయడం రెండు వేరువేరు త్రాసుల్లో తూచి బిడ్డ బరువు పెరిగిందనడం వంటిది. అందుకే జాన్ కర్టిస్ వంటి పండితులు విడి సర్వేలను వదిలి సగటు చూడమని మొత్తుకుంటూ వచ్చారు. జనవాక్యానికి అయిదారు రోజుల ముందు ఐసీఎం సర్వే ఒకటి ‘అవును’కు 54 ఇచ్చింది. అడిగింది 705 మందిని. దాన్నీ కొందరు నెత్తికెత్తుకున్నారు.

చివరికి ఏమైంది? ‘కాదు’ 55.3 శాతం, ‘అవును’ 44.7. ఓట్ల తేడా 3,83,937. ఓటు వేసినవారు నూటికి 84.6 మంది. ఆఖరి రోజుల సర్వేలన్నీ ‘కాదు’కు 52, 53 దగ్గర ఆగిపోయాయి. విజేతను సరిగానే చెప్పాయి కాబట్టి సంస్థలు భుజాలు చరుచుకున్నాయి. కానీ అన్ని సర్వేలూ ఒకే పక్కకు తప్పాయి, గమనించారా? తప్పు యాదృచ్ఛికమైతే కొన్ని అటు, కొన్ని ఇటు పడాలి. అన్నీ ఒకే వైపు పడితే, కొలిచే తీరులోనే అందరికీ ఉమ్మడిగా ఏదో జారిపోతోందన్నమాట. (జనవాక్యం ముగిశాక కామెరాన్, తన కడుపులో పుండ్లు పడేట్టు చేసినందుకు ఈ సర్వే సంస్థల మీద దావా వేయాలని ఉందని ఒక సంభాషణలో అనగా మైకులకు దొరికిపోయాడు. దావా వేయవలసి వస్తే మొదటి ప్రతివాది, ఒక్క అంకె చూసి పరుగెత్తిన ఆయనే.)

జారిపోయిందేమిటో స్కాట్లండుకు పందొమ్మిదేళ్ళ ముందే కెనడాలో తెలుసు. కెబెక్ రాష్ట్రంలో 1995 అక్టోబరు 30న జనవాక్యం. లూసియెన్ బుషార్ స్వాతంత్ర్యపక్షం పగ్గాలు పట్టాక గాలి మారింది, చివరి వారం సర్వేలలో ‘అవును’ కొద్ది పాయింట్ల ముందుంది. మౌనులను తీసేసినా, లేక రెండు పక్షాలకూ దామాషాగా పంచినా, ‘అవును’ గెలవాలి. మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు సామాజికశాస్త్రజ్ఞుడు మారిస్ పినార్ అలా పంచవద్దన్నాడు. చెప్పనివారిలో నాలుగింట మూడు వంతులు ‘కాదు’ వైపే వెళతారని ఆయన లెక్క. అలా పంచితే రెండు పక్షాలూ సరిసమానం. ఫలితం: ‘కాదు’ 50.58, ‘అవును’ 49.42. తేడా 54,288 ఓట్లు. చెల్లకుండా పోయిన ఓట్లే 86 వేలు దాటాయి! నూటికి 93 మందికి పైగా ఓటు వేసిన చోట, దేశం విరగడమూ విరగకపోవడమూ అంత సన్నని దారం మీద నిలిచింది.

కెబెక్‌లో ఆ చెప్పనివారిని పిలిచే ఫ్రెంచిమాటకు మన భాషలో చక్కని సాటి ఉంది: గుంభనపరులు. ఆ పేరు పెట్టడంలోనే విజ్ఞత ఉంది. ‘తెలియదు’ అన్నవాడిని అజ్ఞాని అనలేదు, లేనివాడిగా జమకట్టలేదు. నోరు విప్పని మనిషి అన్నారు. నోరు విప్పకపోవడానికి కారణాలుంటాయి. వీధివీధినా ఒక పక్షం జెండాలే ఎగురుతుంటే, ఇరుగుపొరుగూ కొడుకులూ కోడళ్ళూ అందరూ ఉత్సాహంలో మునిగి ఉంటే, ‘నాకు భయంగా ఉంది, ఉన్నట్టే ఉండనిద్దాం’ అనడం ఎవరికి సులభం? అది దేశద్రోహంలా, పిరికితనంలా వినబడుతుంది. అడిగినవాడికి ‘ఇంకా ఆలోచించుకోలేదండీ’ అని చెప్పి పంపేస్తారు. నిజంగా ఆలోచించుకోనివారూ ఉంటారు. వారు ఆఖరి నిమిషంలో ఏమి చేస్తారు? కొత్త ఇంటి గోడలు ఎలా ఉంటాయో తెలియనివారు, చాలామంది, పాత ఇంటి తాళమే తీస్తారు.

“మరి బ్రెగ్జిట్ సంగతి?” అని వెంటనే అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. 2016 జూన్‌లో ఐరోపా సమాఖ్యలోంచి వైదొలగడానికి 51.9 శాతం ఓటు వేశారు, గుంభనపరులు ఉన్నస్థితిని కాపాడలేదు. అందుకే పినార్ సూత్రాన్ని తీసుకెళ్ళి ప్రతి జనవాక్యానికీ అంటించమని నేననను. మూడు వంతులు అటు వేయడమూ ఊహే, సమానంగా పంచడమూ ఊహే, పూర్తిగా తీసేయడమూ ఊహే. నా అభ్యంతరం ఇక్కడే ఉంది. మొదటి రెండూ ఊహలని అందరికీ తెలుసు. మూడోదాన్ని మాత్రం ఊహ కాదన్నట్టు, కేవలం గణితమన్నట్టు, అచ్చులో వేస్తారు. ‘తీసేస్తే’ అన్న మాటలో ‘వారూ మిగతావారిలాగే ఓటు వేస్తారు, లేదా అసలు వేయరు’ అనే జోస్యం దాక్కుని ఉంది. పై వాదనకు తర్వాత వస్తానన్నాను కదా, ఇదే నా సమాధానం.

ప్రశ్న సంగతీ కొంచెం చెప్పాలి. 2013 ఆగస్టులో స్కాటిష్ నేషనల్ పార్టీ ప్యానెల్‌బేస్ చేత ఒక సర్వే చేయించింది. అసలు ప్రశ్నకు ముందు రెండు ప్రశ్నలు వేశారు. స్కాట్లండు స్వతంత్ర దేశంగా రాణించగలదా, నిర్ణయాలకు మీరు నమ్మేది ఎడింబరా ప్రభుత్వాన్నా వెస్ట్‌మినిస్టరునా అన్న ధోరణిలో. ఆ రెండింటికీ ఔనౌనన్న మనిషి మూడోదానికి కాదనడానికి కొంచెం మొహమాటపడతాడు. ‘అవును’ 44, ‘కాదు’ 43 వచ్చింది. అటువంటి ఆధిక్యం ఆ రోజుల్లో మరే సర్వేలోనూ కనబడదు. పార్టీ మొదట ప్రతిపాదించిన జనవాక్య ప్రశ్నలోనూ ‘మీరు అంగీకరిస్తారా’ అన్న మాట ఉండేది. ఎన్నికల సంఘం దాన్ని జనంతో పరీక్షించి చూసి, ఆ మాట ఔననిపించే వైపు నెడుతోందని తీయించింది. ఐక్యతావాదులేమీ తక్కువ తినలేదు. ‘ఉందామా, వెళదామా’ అని అడిగిస్తే తమవైపు అంకె పెరుగుతుందని కనిపెట్టి, తర్వాతి యేళ్ళలో అలాంటి సర్వేలు పనిగట్టుకుని చేయించారు.

అన్నిటికన్న నాకు కంటగింపయిన అంకె మాత్రం జనవాక్యం మరునాడు పుట్టింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు ఆ ఒక్కసారికి ఓటుహక్కు ఇచ్చారు. వారిలో 71 శాతం స్వాతంత్ర్యానికి ఓటు వేశారని లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ సర్వే ఆధారంగా ప్రపంచమంతా రాసింది. కొత్త తరం, ముసలితరం, చరిత్ర రథచక్రాలు అంటూ వ్యాసాలు వెలువడ్డాయి. ఆ సర్వేలో మొత్తం 2,047 మంది. అందులో ఆ వయసు పిల్లలు పద్నాలుగుమంది. పద్నాలుగు! పదిమంది ఔనన్నారు, నలుగురు కాదన్నారు. ఒక పెళ్ళిపందిట్లో ఒకే వరసలో కూర్చున్న పిల్లలను అడిగి ఒక తరం చరిత్రను రాసేశారు. పట్టికలో ఆ ‘14’ అచ్చయ్యే ఉంది, దాచలేదు. చూసినవారు లేరు.

ఓటు వేయడానికే రానివారు ఉన్నప్పుడు ఈ చిక్కు ఇంకో రూపం దాలుస్తుంది. కాటలోనియా ప్రభుత్వపు సర్వే సంస్థే 2017 వేసవిలో అడిగితే స్వాతంత్ర్యం కావాలన్నవారు 41.1 శాతం, వద్దన్నవారు 49.4. మూడు నెలలకు, అక్టోబరు 1న, స్పెయిన్ న్యాయస్థానం నిషేధించిన జనవాక్యంలో ‘అవును’ 90 శాతం! ఓటర్లలో పాల్గొన్నది 43 శాతం మంది. వద్దనేవారు చాలావరకు గడప దాటలేదు. సర్వే అబద్ధమా, ఓటు అబద్ధమా అని అప్పట్లో తెగ వాదించుకున్నారు. ఒకటి ఊరంతటినీ అడిగింది, ఇంకొకటి గుడికి వచ్చినవారిని లెక్కపెట్టింది.

ఎక్కడో చలిదేశాల గొడవ మనకెందుకంటారేమో. 2014లోనే, జూన్ 2న మన రాష్ట్రం రెండయింది. అది దేశం విడిపోవడం కాదు, పోలిక అక్కడితో సరి. కానీ 1955లో ఫజల్ అలీ కమిషన్, తెలంగాణను ప్రత్యేకంగా ఉంచి, 1961 ప్రాంతపు సాధారణ ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులమంది కోరితేనే ఆంధ్రతో కలపమంది. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎంతమంది ఔనంటే ఔను, ఈ మూడూ ముందే చెప్పిన ప్రతిపాదన అది. 1956లో అది పక్కకు పోయింది. కలిసినప్పుడూ జనవాక్యం లేదు, విడిపోయినప్పుడూ లేదు. ఫలితంగా అటువారూ ఇటువారూ ‘నూటికి తొంభైమంది మావైపే’ అని నిశ్చింతగా చెప్పుకోగలుగుతున్నారు. కొలవని చోట ఎవరి అంకె వారిదే. స్కాట్లండులో కొలిచి కూడా అదే పని చేశారన్నది నా బాధ.

అక్కడి కథ ముగియలేదు. 2020 ద్వితీయార్ధంలో చాలా సర్వేలు ‘అవును’ను ముందు చూపాయి, తర్వాత మళ్ళీ ఎడం తగ్గి, రెండు పక్షాలూ సగం సగం దరిదాపుల్లో ఊగుతూ వస్తున్నాయి. 2022 నవంబరు 23న బ్రిటిష్ సుప్రీంకోర్టు, లండన్ అనుమతి లేకుండా ఇంకొక జనవాక్యానికి చట్టం చేసే అధికారం స్కాటిష్ పార్లమెంటుకు లేదని తీర్పు చెప్పింది. కనుక నేటి సర్వేలలో ‘రేపే ఓటింగు జరిగితే’ అన్న ప్రశ్నకు జవాబిచ్చేవారికి ఆ రేపు రాదని తెలుసు. ముహూర్తం పెట్టని పెళ్ళికి విస్తళ్ళ లెక్క అది. మనసు తెలుస్తుంది, ఓటు తెలియదు.

ఈసారి అలాంటి అంకె మీ కంటబడితే ఒక పని చేయండి. బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్ సభ్యసంస్థలు సర్వే వెలువడిన రెండు పనిదినాల్లో తమ పూర్తి పట్టికలను జాలంలో పెట్టాలన్నది నియమం. శీర్షికలోని అంకెను పక్కన పెట్టి ఆ పట్టిక తెరవండి. ‘అవును’, ‘కాదు’ వరసల కింద, సాధారణంగా ఎవరూ చదవని మూడో వరస ఉంటుంది.